దుబాయి ఎంత దూరం? ఎన్ని గంటలు?

"మా ఆయన దుబాయిలో ఉన్నాడు."

"మా పెద్దోడు దుబాయి పోయిండు."

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు పల్లెల్లో ఈ మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. కడప, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు కూడా ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు పోతున్నారు.

దుబాయి పేరు అందరికీ తెలుసు. కానీ దుబాయి పోవడానికి ఎంతసేపు పడుతుంది అని అడిగి చూడండి. ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు.

"రెండున్నర గంటలే. టికెట్ మీద అట్లాగే ఉంది" అంటారు ఒకరు.

"కాదు, నాలుగు గంటలు" అంటారు ఇంకొకరు.

"మా తమ్ముడికి రెండు రోజులు పట్టింది" అంటారు మరొకరు.

ఈ ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. మరి ఒకే దారికి మూడు లెక్కలు ఎట్లా వచ్చాయి? ఈ సంగతి తెలిస్తే టికెట్ చదవడం వస్తుంది. టికెట్ చదవడం వస్తే మోసపోవడం తగ్గుతుంది.

దుబాయి ఎక్కడుంది?

దుబాయి ఒక నగరం. అది యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అనే దేశంలో ఉంది. దీన్ని పొట్టిగా యు.ఎ.ఇ. అంటారు. ఏడు చిన్న రాజ్యాలు కలిసి ఈ దేశం అయ్యాయి. వాటిలో దుబాయి ఒకటి. ఈ దేశానికి రాజధాని అబుదాబి.

మన పల్లెల్లో గల్ఫ్ దేశాలన్నిటినీ దుబాయి అనే అంటారు. సౌదీ పోయినా దుబాయే. కువైట్ పోయినా దుబాయే. మాటకు ఫరవాలేదు. కానీ ప్రయాణానికి అట్లా అంటే కుదరదు. ఇవన్నీ వేరు వేరు దేశాలు. దూరాలు వేరు. చట్టాలు వేరు. వీసాలు వేరు. అందుకే ఇంట్లో ఎవరైనా పోతుంటే మొదట ఈ రెండు మాటలు అడగండి. "ఏ దేశం? ఏ ఊరు?" ఆ రెండు పేర్లూ కాగితం మీద రాసి పెట్టుకోండి.

మన దేశానికి పడమట అరేబియా సముద్రం ఉంది. ఆ సముద్రం అవతల అరబ్బు దేశాలు ఉన్నాయి. దుబాయి కూడా ఆ వైపే ఉంది.

ఎన్ని కిలోమీటర్లు?

హైదరాబాదు నుంచి దుబాయికి ఆకాశంలో నేరుగా కొలిస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఢిల్లీకి నేరుగా కొలిస్తే సుమారు 1,260 కిలోమీటర్లు. అంటే దుబాయి మనకు ఢిల్లీ కంటే రెండింతలు దూరం.

విమానం హైదరాబాదు దగ్గర శంషాబాద్‌లో లేస్తుంది. ఈ విమానాశ్రయం 2008లో మొదలైంది. అంతకుముందు బేగంపేట నుంచి విమానాలు పోయేవి. శంషాబాద్‌లో లేచిన విమానం పడమర వైపు తిరుగుతుంది. మహారాష్ట్ర మీదుగా పోయి అరేబియా సముద్రం దాటుతుంది. తరువాత ఒమన్ దేశం వైపు నుంచి దుబాయి చేరుతుంది. గాలిని బట్టి, రద్దీని బట్టి దారి కొంచెం మారవచ్చు.

ఒకప్పుడు చాలామంది రైల్లో బొంబాయి పోయి, అక్కడ ఓడ ఎక్కేవారు. ద్వారక అనే ప్రయాణికుల ఓడ 1982 వరకు బొంబాయి నుంచి గల్ఫ్ రేవులకు నడిచింది. సముద్రం మీద రోజుల తరబడి ప్రయాణం. ఇప్పుడు అదే సముద్రాన్ని విమానం కొద్ది గంటల్లో దాటుతుంది.

నాలుగు గంటల లెక్క

పెద్ద విమానం ఆకాశంలో గంటకు 800 నుంచి 900 కిలోమీటర్లు పోతుంది. నేల నుంచి 10, 12 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది. గంటకు 850 కిలోమీటర్లు అనుకోండి. మూడు గంటలకు ఎంత?

850 + 850 + 850 = 2,550 కిలోమీటర్లు.

అంటే మూడు గంటల్లో దుబాయి రావాలి కదా! కానీ దాదాపు నాలుగు గంటలు పడుతుంది. ఎందుకు?

బస్సు స్టాండులో నుంచి బయటపడేటప్పుడు మెల్లగా పోతుంది. ఊరు దాటాకే వేగం అందుకుంటుంది. విమానం కూడా అంతే. తలుపులు మూసిన తరువాత నేల మీద మెల్లగా నడుస్తుంది. తన వంతు వచ్చే దాకా ఆగుతుంది. లేచిన తరువాత పైకి ఎక్కడానికి కొంత సమయం కావాలి. దిగేటప్పుడు మళ్లీ వేగం తగ్గించుకోవాలి. దుబాయి చాలా రద్దీ ఉన్న విమానాశ్రయం. దిగే వంతు కోసం కొన్నిసార్లు ఆకాశంలోనే చుట్టు తిరగాలి.

ఇంకొక కారణం గాలి. చాలా ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. దుబాయి పోయే విమానానికి అది ఎదురుగాలి. ఎదురుగాలికి సైకిలు తొక్కితే ఎట్లా ఉంటుంది? కాళ్లు నొప్పి పుడతాయి, దారి తరగదు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనుక నుంచి తోస్తుంది. అందుకే పోవడానికి సుమారు నాలుగు గంటలు, రావడానికి సుమారు మూడున్నర గంటలు పడుతుంది.

"నాలుగు గంటలు" అన్నవారి లెక్క ఇది.

అక్కడి గడియారం వేరు

ఇప్పుడు "రెండున్నర గంటలు" అన్నవారి లెక్క చూడండి. దీనికి పొద్దు సంగతి తెలియాలి.

ఒక బత్తాయి పండు తీసుకోండి. చీకటి గదిలో దీపం వెలిగించండి. దీపం సూర్యుడు, పండు భూమి. దీపం వైపు ఉన్న సగం వెలుగులో ఉంటుంది. అది పగలు. అవతలి సగం చీకట్లో ఉంటుంది. అది రాత్రి. పండును మెల్లగా తిప్పండి. చీకట్లో ఉన్న భాగం వెలుగులోకి వస్తుంది. అన్ని భాగాలూ ఒకేసారి వెలుగులోకి రావు. ఒకటి ముందు, ఒకటి వెనుక వస్తాయి.

భూమి కూడా ఇట్లాగే తన చుట్టూ తాను తిరుగుతుంది. పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది. అందుకే తూర్పున ఉన్నవారికి ముందు పొద్దు పొడుస్తుంది. పడమట ఉన్నవారికి తరువాత పొడుస్తుంది. విశాఖపట్నంలో హైదరాబాదు కంటే సుమారు 20 నిమిషాల ముందే తెల్లవారుతుంది. దుబాయి మనకు చాలా పడమట ఉంది. అందుకే అక్కడ ఇంకా ఆలస్యంగా తెల్లవారుతుంది.

ఎంత ఆలస్యం? దానికీ లెక్క ఉంది. భూగోళం మీద పైనుంచి కిందికి 360 గీతలు గీసినట్టు అనుకుంటారు. భూమి ఒక చుట్టు తిరగడానికి 24 గంటలు. 360ని 24తో భాగిస్తే 15. అంటే గంటకు 15 గీతలు తిరుగుతుంది. ఒక్క గీతకు 4 నిమిషాలు.

మన దేశం మొత్తానికి ఒకటే సమయం. దాన్ని 82న్నర గీతను బట్టి పెట్టారు. ఆ గీత మన కాకినాడకు దగ్గరగా పోతుంది. దుబాయి సమయానికి ఆధారం 60వ గీత. మధ్యలో ఉన్నవి 22న్నర గీతలు. గీతకు 4 నిమిషాల చొప్పున 90 నిమిషాలు. అంటే గంటన్నర.

కాబట్టి మన గడియారం కంటే దుబాయి గడియారం గంటన్నర వెనుక ఉంటుంది. మనకు ఉదయం 10 గంటలైతే వాళ్లకు ఇంకా ఎనిమిదిన్నరే. ఎండాకాలమైనా చలికాలమైనా ఈ తేడా మారదు.

టికెట్ చదవడం ఎట్లా?

టికెట్ మీద రెండు సమయాలు ఉంటాయి. ఒకటి బయలుదేరే సమయం. రెండోది చేరే సమయం. ఇక్కడ ఒక మెలిక ఉంది. బయలుదేరే సమయం బయలుదేరే ఊరి గడియారం ప్రకారం రాస్తారు. చేరే సమయం చేరే ఊరి గడియారం ప్రకారం రాస్తారు.

టికెట్ మీద ఇట్లా ఉందనుకోండి:

హైదరాబాదు 10:00
దుబాయి 12:30

చూస్తే రెండున్నర గంటలే అనిపిస్తుంది. కానీ ఆ 12:30 దుబాయి గడియారంలోది. అప్పుడు మన ఇంటి గడియారంలో రెండు గంటలు అవుతుంది. 10 నుంచి 2 దాకా నాలుగు గంటలు.

తిరుగు టికెట్ మీద ఇట్లా ఉందనుకోండి:

దుబాయి 22:00
హైదరాబాదు 03:00

చూస్తే ఐదు గంటలు అనిపిస్తుంది. నిజానికి మూడున్నర గంటలే.

గుర్తు పెట్టుకోవలసింది ఇంతే. పోయే టికెట్‌కు గంటన్నర కలపాలి. వచ్చే టికెట్‌కు గంటన్నర తీసేయాలి.

22:00 అంటే ఏమిటి? టికెట్ల మీద రోజును 24 గంటలుగా లెక్కిస్తారు. మధ్యాహ్నం ఒంటిగంటను 13 అని రాస్తారు. రెండు గంటలను 14 అని రాస్తారు. 13 గానీ అంతకంటే పెద్ద సంఖ్య గానీ ఉంటే అందులో 12 తీసేయండి. 22లో 12 తీస్తే 10. అంటే రాత్రి పది గంటలు. 00 అని ఉంటే అర్ధరాత్రి 12 గంటలు.

చేరే సమయం పక్కన +1 అని ఉండవచ్చు. అంటే మరునాడు చేరుతుంది అని అర్థం.

అర్ధరాత్రి తేదీతో జాగ్రత్త

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

టికెట్ మీద "15వ తేదీ, 00:40" అని ఉందనుకోండి. "పదిహేనో తేదీ రాత్రి కదా" అని ఇంట్లో అందరూ నెమ్మదిగా ఉంటారు. పదిహేనో తేదీ రాత్రి విమానాశ్రయానికి పోతారు. అప్పటికి విమానం పోయి దాదాపు రోజు గడిచిపోయి ఉంటుంది!

అర్ధరాత్రి 12 దాటగానే తేదీ మారుతుంది. 15వ తేదీ 00:40 అంటే 14వ తేదీ రాత్రి 12 గంటల 40 నిమిషాలు. మనిషి 14వ తేదీ మధ్యాహ్నమే ఇల్లు కదలాలి.

ఆ లెక్క వెనుక నుంచి వేయాలి.

విమానం లేచేది రాత్రి 12:40కి.
విమానాశ్రయానికి మూడు గంటల ముందు చేరాలి. అంటే రాత్రి 9:40.
కరీంనగర్ నుంచి శంషాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. ఐదు గంటలు అనుకుంటే కరీంనగర్‌లో సాయంత్రం 4:40కి కదలాలి.
పల్లె నుంచి కరీంనగర్‌కు గంట. అంటే ఇంట్లో మధ్యాహ్నం 3:40కి బయలుదేరాలి.

దారిలో టైరు పంక్చరు కావచ్చు, వాన పడవచ్చు. ఇంకో రెండు గంటలు చేతిలో పెట్టుకోవడం మంచిది. చాలా విమాన కంపెనీలు విమానం లేవడానికి గంట ముందే కౌంటరు మూసేస్తాయి. ఆ తరువాత ఎంత బతిమాలినా లాభం ఉండదు. టికెట్ డబ్బు పోతుంది. అప్పు చేసి కొన్న టికెట్ అయితే అప్పు అట్లాగే మిగులుతుంది.

ఒక సంగతి గమనించారా? కరీంనగర్ నుంచి శంషాబాద్ 200 కిలోమీటర్లకు ఐదు గంటలు. శంషాబాద్ నుంచి దుబాయి 2,550 కిలోమీటర్లకు నాలుగు గంటలు. దూరం ఎక్కువైతే సమయం ఎక్కువ పడుతుందని లేదు. ఏ బండి, ఎన్ని ఆగుళ్లు అనేది చూడాలి.

రెండు రోజులు ఎందుకు పట్టింది?

ఇప్పుడు మూడో లెక్క. ఇంటి గడప నుంచి అక్కడి గది దాకా ఎంతసేపు?

పల్లె నుంచి కరీంనగర్ – 1 గంట
కరీంనగర్ నుంచి శంషాబాద్ – 5 గంటలు
విమానాశ్రయంలో తనిఖీలు, ఎదురుచూపు – 3 గంటలు
విమానంలో – 4 గంటలు
దుబాయిలో తనిఖీ, సామాను తీసుకోవడం – 2 గంటలు
అక్కడి నుంచి గదికి – 1 గంట
మొత్తం – 16 గంటలు

ఇది నేరుగా పోయే విమానం సంగతి. కొన్ని టికెట్లు నేరుగా పోవు. మధ్యలో ఇంకో ఊళ్లో దిగి, వేరే విమానం ఎక్కాలి. ఆ మధ్య ఊళ్లో రెండు గంటలు ఆగవలసి రావచ్చు, పన్నెండు గంటలు ఆగవలసి రావచ్చు. పన్నెండు గంటలు ఆగితే మొత్తం 28 గంటలు దాటుతుంది. సోమవారం పొద్దున ఇల్లు వదిలిన మనిషి మంగళవారం గానీ గదికి చేరడు. "రెండు రోజులు పట్టింది" అన్నది ఇందుకే.

ఇట్లాంటి టికెట్ సాధారణంగా తక్కువ ధరకు వస్తుంది. తీసుకోవడం తప్పు కాదు. కానీ నేరుగా పోయే విమానానికి డబ్బు తీసుకొని ఆగి పోయే టికెట్ ఇచ్చే దళారులూ ఉంటారు. అందుకే డబ్బు ఇచ్చే ముందే అడగండి. "నేరుగా పోతుందా? మధ్యలో ఎక్కడ ఆగుతుంది? ఎన్ని గంటలు?" టికెట్ మీద మూడో ఊరి పేరు ఉంటే మధ్యలో దిగాలని గుర్తు.

టికెట్ ఒక్కటే చాలదు

టికెట్ ఉన్నంత మాత్రాన విమానం ఎక్కనివ్వరు. పాస్‌పోర్టు కావాలి. వీసా కావాలి. పనికి పోయేవారికి పని వీసా ఉండాలి. చూసి రావడానికి ఇచ్చే వీసా మీద పనిచేయడం అక్కడ నేరం.

కొందరి పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. అనే మూడు అక్షరాలు ఉంటాయి. పదో తరగతి పాసైనవారికి సాధారణంగా ఇవి ఉండవు. ఈ అక్షరాలు ఉన్నవారు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వం నుంచి వలస అనుమతి తీసుకోవాలి. 1983లో వచ్చిన వలస చట్టం ఈ ఏర్పాటు చేసింది. ఇట్లాంటి పాస్‌పోర్టుతో ఇంటిపనికి పోయే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలని కూడా ప్రభుత్వం నియమం పెట్టింది. దళారి "ఏమీ అక్కరలేదు, నేను చూసుకుంటా" అంటే నమ్మవద్దు.

పాస్‌పోర్టు, వీసా, టికెట్, పని ఒప్పందం – ఈ నాలుగు కాగితాల నకళ్లు ఇంట్లో ఉంచుకోండి. అక్కడ పనిచేసేవారి పాస్‌పోర్టు వారి దగ్గరే ఉండాలి. యజమాని దాన్ని తీసి పెట్టుకోవడాన్ని యు.ఎ.ఇ. చట్టం ఒప్పుకోదు.

ఇది ఎందుకు ముఖ్యం? ఇంట్లో తల్లికి ప్రాణం మీదికి వచ్చిందనుకోండి. కొడుకు దుబాయిలో ఉన్నాడు. విమానం దారి మూడున్నర గంటలే. కానీ సెలవు దొరకాలి. చేతిలో పాస్‌పోర్టు ఉండాలి. టికెట్‌కు డబ్బు ఉండాలి. ఇవి ఉన్నవాడు మరునాటికి తల్లి మంచం దగ్గర ఉంటాడు. వీసా గడువు దాటిపోయినవాడు జరిమానా, కొత్త కాగితాలు అంటూ నెలల తరబడి తిరగవలసి రావచ్చు. ఇద్దరికీ దూరం 2,550 కిలోమీటర్లే. కాగితాలు సరిగా ఉన్నవాడికి దుబాయి దగ్గర. లేనివాడికి చాలా దూరం.

ఎప్పుడు ఫోను చేయాలి?

గడియారం తేడా తెలిస్తే ఫోను చేయడం కూడా సులువు. మనకు తెల్లవారుజామున 5 గంటలైతే దుబాయిలో మూడున్నర. మంచి నిద్రలో ఉంటారు. మనకు రాత్రి 9 గంటలైతే అక్కడ ఏడున్నర. పని నుంచి వచ్చి వంట చేసుకునే వేళ.

యు.ఎ.ఇ.లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు ఎండలో పనిచేసేవారికి మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా విరామం ఇవ్వాలని నియమం ఉంది. మన గడియారంలో అది 2 గంటల నుంచి నాలుగున్నర దాకా. ఆ వేళ ఎండలో పని చేయిస్తున్నారా అని ఫోనులో అడగండి.

మిగతా ఊళ్ల లెక్క కూడా చూడండి. దూరాలు హైదరాబాదు నుంచి, ఆకాశ మార్గాన, సుమారుగా:

మస్కట్ (ఒమన్) – 2,200 కి.మీ. – గంటన్నర వెనుక
దుబాయి (యు.ఎ.ఇ.) – 2,550 కి.మీ. – గంటన్నర వెనుక
దోహా (ఖతర్) – 2,900 కి.మీ. – రెండున్నర గంటలు వెనుక
కువైట్ – 3,400 కి.మీ. – రెండున్నర గంటలు వెనుక
రియాద్ (సౌదీ) – 3,400 కి.మీ. – రెండున్నర గంటలు వెనుక

దూరపు కొండలు నునుపు అంటారు. దుబాయి కూడా దూరం నుంచి నునుపుగానే కనిపిస్తుంది. పోవాలా వద్దా అనేది ఎవరి ఇంటి సంగతి వారిది. పోయేటప్పుడు మాత్రం ఎంత దూరమో, ఎన్ని గంటలో, ఏ తేదీనో ఇంట్లో ఆడవాళ్లకు కూడా తెలియాలి. టికెట్ చేతికి రాగానే దళారి చదివి చెప్పే దాకా ఆగవద్దు. మీరే చదవండి.

లెక్క చేయండి

1. మన ఇంట్లో రాత్రి 8 గంటలైంది. దుబాయిలో ఎంత?
2. టికెట్ మీద "హైదరాబాదు 04:00, దుబాయి 06:30" అని ఉంది. విమానంలో ఎన్ని గంటలు?
3. టికెట్ మీద "20వ తేదీ, 01:30" అని ఉంది. మూడు గంటల ముందు చేరాలి. ఏ తేదీన, ఎన్ని గంటలకు విమానాశ్రయంలో ఉండాలి?
4. టికెట్ మీద "దుబాయి 14:00, హైదరాబాదు 19:00" అని ఉంది. విమానంలో ఎన్ని గంటలు?

జవాబులు: 1. సాయంత్రం ఆరున్నర. 2. నాలుగు గంటలు. 3. 19వ తేదీ రాత్రి పదిన్నరకు. 4. మూడున్నర గంటలు.